ఏ బరువు, బిడ్డా?

(ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఫైనలియర్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, హెచ్‌ఓడీ మేడం గారికి, పొద్దున బస్టాండు నుంచి నన్ను స్కూటీ మీద తీసుకొచ్చిన సెకండియర్ అమ్మాయికి నమస్కారం. ప్రిన్సిపాల్ గారు పరిచయం చేస్తుంటే ఎవరో గొప్పావిడ వచ్చిందనుకుని నేనూ చప్పట్లు కొట్టబోయాను. శాలువా బాగుంది, మా అమ్మకు నచ్చుతుంది. నాకు ఇరవై నిమిషాలన్నారు. అందులో నాలుగు నిమిషాలు శాలువాలకే పోయాయి.

వెనక ఫ్లెక్సీ మీద ‘అమెరికాలో ఎంఐఎస్: ఉజ్వల అవకాశాలు’ అని వేయించారు. ఎంఐఎస్ అంటే మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, వ్యాపారానికి కంప్యూటర్లను పనికొచ్చేలా చేసే చదువు. కింద స్పాన్సర్ చేసిన కన్సల్టెన్సీ బొమ్మ. అవకాశాల గురించి వాళ్లే నాకన్నా బాగా చెబుతారు, వాళ్లమ్మేది అవే కాబట్టి. నేను వేరే సంగతి చెప్పాలని వచ్చాను.

ఎంఎస్‌కి వెళ్దామనుకునేవాళ్లు చేతులెత్తండి. అబ్బో. అందులో బిజినెస్ స్కూల్లో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ చేద్దామనుకునేవాళ్లు? ముప్పై మంది దాకా ఉన్నారు. ఎందుకు బాబూ? నువ్వే, నీలం చొక్కా. గట్టిగా చెప్పు. ‘కోడింగ్ తక్కువుంటది మేడం.’ నవ్వకండి, నిజం చెప్పాడు. 2006లో నేను ఫ్లయిటెక్కినప్పుడు నా మనసులోనూ అదే ఉంది.

అసలు ఈ చదువు ఎక్కడ పుట్టిందో ఒక్క ముక్క చెప్తాను. 1960ల్లో అమెరికన్ కంపెనీలు జీతాల లెక్కలకూ సరుకు లెక్కలకూ కంప్యూటర్లు కొన్నాయి. మిషన్ తెలిసినవాడికి కొట్టు తెలీదు, కొట్టు తెలిసినవాడికి మిషన్ తెలీదు. ఇద్దరి మధ్యా నిలబడే మనిషి కావాలి. మిన్నెసోటా యూనివర్సిటీ బిజినెస్ స్కూల్లో 1968లో గోర్డన్ డేవిస్, ఆయన తోటివాళ్లు దీనికోసం ఒక పరిశోధన కేంద్రం, పీహెచ్‌డీ ప్రోగ్రామ్ మొదలుపెట్టారు. డేవిస్ గారు వచ్చింది అకౌంటింగ్ నుంచి. అది గుర్తుపెట్టుకోండి. 1974లో అరిజోనాలో జే నునమేకర్ ఎంఐఎస్ డిపార్ట్‌మెంట్ పెట్టారు. 1977లో మిన్నెసోటా నుంచే ‘ఎంఐఎస్ క్వార్టర్లీ’ పత్రిక వచ్చింది. ఆ తర్వాత చాలా బిజినెస్ స్కూళ్లలో, ఫైనాన్స్ పక్కన, మార్కెటింగ్ పక్కన, ఈ డిపార్ట్‌మెంట్ ఒకటి మొలిచింది.

ఇంకోటి. డీబీఎంఎస్, అంటే డేటాబేస్ ల్యాబ్‌లో మీరు గీసే ఈఆర్ డయాగ్రం ఉంది కదా, ఏ సమాచారానికి దేనితో సంబంధమో చూపే బొమ్మ, డబ్బాలూ, డైమండ్లూ. దాన్ని 1976లో ప్రపంచం ముందు పెట్టిన పీటర్ చెన్ అప్పుడు ఎంఐటీలో ఏ డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాడు? కంప్యూటర్ సైన్స్ కాదు. స్లోన్ స్కూల్, అంటే బిజినెస్ స్కూల్. మీ సార్ చెప్పలేదా? సార్, ఏమనుకోకండి.

ఆ డబ్బాల దగ్గరే నా కథ మొదలైంది.

మా నాయిన మిర్చి మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో, అంటే రైతు సరుకు కమీషన్‌కు అమ్మిపెట్టే కొట్టులో, గుమాస్తా. ఏ మార్కెట్, ఏ దుకాణం అని అడక్కండి. ముప్పై రెండేళ్లు చేశాడు. ఫస్ట్ సెమిస్టర్‌లో సిస్టమ్స్ అనాలిసిస్ క్లాసులో ప్రొఫెసర్, మీకు తెలిసిన ఏదైనా వ్యాపారానికి డేటా మోడల్ గీసుకురమ్మన్నాడు. అందరూ లైబ్రరీ, హాస్పిటల్, పిజ్జా షాపు గీశారు. నేను తెలివిగా మిర్చి మార్కెట్ గీశాను. రైతు ఒక డబ్బా, బస్తా ఒక డబ్బా, ఖరీదుదారు ఒక డబ్బా. బస్తా కింద ‘బరువు’ అని ఒక గడి. చక్కగా రంగులు కూడా వేశాను.

కాగితం మీద ఎర్ర ఇంకుతో ఒక్కటే ప్రశ్న వచ్చింది: ఈ గడి నింపేదెవరు? బీ గ్రేడు.

నాకు కోపమొచ్చింది. గడి నింపేదెవరైతే నీకేంటయ్యా! ఆ రాత్రి కాలింగ్ కార్డు గీకి ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున. నాయినా, మార్కెట్లో బరువు ఎవరు రాస్తారు? అన్నాను. నాయిన కొంచెం సేపు మాట్లాడలేదు. కార్డులో నిమిషాలు కరుగుతున్నాయి. తర్వాత అన్నాడు: “ఏ బరువు, బిడ్డా?”

బరువంటే బరువే కదా నాయినా!

“గట్లెట్లయితది? రైతు ఇంటికాడ తూకమేసుకొని వస్తడు, అదొక బరువు. కాంట మీద దడువాయి ఒర్రేదొక బరువు. తరుగు తీసినంక ఒక బరువు. తక్‌పట్టీ మీద నేను రాసేదొక బరువు. నీకేది గావాలె?”

నాలుగు. నా డబ్బాలో ఉన్నది ఒకటి.

ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే మీలో మిర్చి పండించే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లుంటారు. ఉన్నారా? ఆ వెనక నలుగురూ తలూపుతున్నారు. వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెప్తాను. దడువాయంటే కాంట దగ్గర తూకం వేసి బరువు చెప్పేవాడు, తరుగంటే బరువులోంచి తీసేసే కోత, తక్‌పట్టీ అంటే రైతుకిచ్చే లెక్క చీటీ. కాంట మీద బస్తా పెట్టారు. నలభై మూడు కిలోల ఎనిమిది వందల గ్రాములు. దడువాయి ‘నలభై మూడు’ అని ఒర్రుతాడు. సంచికని, తేమకని ఒక కిలో తరుగు. నాయిన పట్టీ మీద రాసేది నలభై రెండు. ఆ ఎనిమిది వందల గ్రాములేవి నాయినా అని అడిగాను. “పై గ్రాములకు పట్టీల గడి లేదు, బిడ్డా” అన్నాడు.

గడి లేదు. అంతే. ఎవరూ కాజేసినట్టు కాగితం మీద ఎక్కడా ఉండదు. నూరు బస్తాలు తెచ్చిన రైతుకు అదెంతవుతుందో ఎనిమిది వందల గ్రాముల్ని నూరుతో మీరే గుణించుకోండి. తర్వాత సంవత్సరం నేనొచ్చినప్పుడు అమ్మ చూపించింది. నాయిన పాత పట్టీల వెనక పెన్సిల్‌తో చిన్నచిన్న అంకెలు. ఎనిమిది వందలు, మూడు వందల యాభై, ఆరు వందలు. ఏళ్ల తరబడి. ఎవరికీ చూపించలేదు. షావుకారు దగ్గర నౌకరీ కదా. అవి ఎందుకు రాశాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

డయాగ్రం మళ్లీ గీశాను. రంగులు తీసేశాను. నాలుగు బరువులు, ఒక్కోదాని పక్కన అది నింపే మనిషి. ప్రొఫెసర్ గ్రేడు మార్చలేదు, గడువు దాటిందన్నాడు. అది వేరే సంగతి.

చూశారా, పది నిమిషాలు మిర్చికే పోయింది. నేను సిలబస్ గురించి చెప్పాలి. చెప్తా, చెప్తా. ముందు ఇంకొక్క తప్పు ఒప్పుకోనివ్వండి.

ఇంత నేర్చుకున్నదాన్ని కదా, ఉద్యోగంలో ఏం చేశానో తెలుసా? టెక్సస్‌లో పాలు, పెరుగు సరఫరా చేసే ఒక గోదాము. పేరు వద్దు. ట్రక్కుల్లోంచి దించిన సరుకు నమోదుకు కంప్యూటర్‌లో కొత్త స్క్రీన్ కావాలి. నేను బిజినెస్ అనాలిస్టుని, అంటే స్క్రీన్‌లో ఏముండాలో వాడేవాళ్లను అడిగి రాసేదాన్ని. మేనేజర్‌ను అడిగాను, డే షిఫ్ట్ వాళ్లను అడిగాను. నలభై పేజీల డాక్యుమెంట్ రాశాను. సంతకాలయ్యాయి. కేకు కోశారు. మూడు వారాలకు ఒక సూపర్ మార్కెట్ నుంచి ఫోను: గడువు దాటిన పెరుగు పంపించారు.

రాత్రి పదకొండింటికి గోదాముకెళ్లాను. అక్కడ చలి, పైన స్వెట్టర్ ఉన్నా వేళ్లు కొంకర్లు పోతాయి. పాలెట్ మీద, అంటే చెక్క పీట మీద అట్టపెట్టెల దొంతర. సగం పెట్టెల మీద ఒక తేదీ, సగం మీద ఇంకో తేదీ. పక్కన పచ్చటి టేపు ముక్క అంటించి, దాని మీద మార్కర్‌తో చేతిరాత. నైట్ షిఫ్ట్ సూపర్‌వైజర్, మా అమ్మ వయసున్న మెక్సికన్ ఆవిడ, నన్ను చూసి తిట్టలేదు. రాత్రి ట్రక్కుల్లో ఎప్పుడూ రెండు తేదీల సరుకు కలిసి వస్తుందట. నా స్క్రీన్‌లో తేదీకి ఒకటే గడి. ఒకటి అందులో కొట్టింది, రెండోది టేపు మీద రాసింది. కంప్యూటర్‌కు టేపు కనబడదు కదా.

నైట్ షిఫ్ట్‌ను నేను అడగలేదు. రాత్రి పూట వెళ్లడం బద్ధకమై. అదే ‘ఏ బరువు, బిడ్డా’ మళ్లీ, ఈసారి పెరుగు మీద.

నేనొక్కదాన్నే కాదులెండి. 1999లో హెర్షీ చాక్లెట్ కంపెనీ మూడు పెద్ద సాఫ్ట్‌వేర్లు ఒకేసారి దింపింది. పదకొండు కోట్ల డాలర్ల పైన ఖర్చు. జులైలో స్విచ్ వేశారు. అక్టోబరు హాలోవీన్‌కు, అంటే మనకు దీపావళికి పటాకుల కొట్టు మూసినట్టు, దాదాపు పది కోట్ల డాలర్ల ఆర్డర్లు పంపలేకపోయారు. సరుకు లేక కాదు. గోదాముల్లో ఉంది. ఎక్కడుందో సిస్టమ్‌కు తెలీదు, మనుషులకు తెలుసు. బిజినెస్ స్కూళ్లలో ఈ కేసు ఇప్పటికీ చెబుతారు.

ఇప్పుడు నీలం చొక్కా బాబూ, నీ ప్రశ్నకు జవాబు. కోడింగ్ తక్కువ, ఒప్పుకుంటాను. కంప్యూటర్ సైన్స్ వాళ్లలా ఆపరేటింగ్ సిస్టమ్ రాయమనరు. కానీ ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష, రాకుండా ఏ ఇంటర్వ్యూ దాటవు. డేటాబేస్, సిస్టమ్స్ అనాలిసిస్, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్, కంపెనీ లెక్కలన్నీ ఒకేచోట నడిపే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్, అనలిటిక్స్, పైన అకౌంటింగ్, ఆపరేషన్స్. మాస్టర్స్ అయితే చాలాచోట్ల ముప్పై నుంచి ముప్పై ఆరు క్రెడిట్లు, మూడు నాలుగు సెమిస్టర్లు. పేరు చూసి మోసపోవద్దు. టెక్సస్ ఏ అండ్ ఎంలో దాన్ని ఎంఐఎస్ అంటారు, యూటీ డల్లాస్‌లో ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అండ్ మేనేజ్‌మెంట్ అంటారు. బిజినెస్ స్కూళ్లకు గుర్తింపునిచ్చే సంస్థ ఏఏసీఎస్‌బీ, దాని గుర్తింపు మీరు చేరే స్కూలుకు ఉందో లేదో చూడండి. ఇంకా ముఖ్యం, ఆ ప్రోగ్రామ్‌కు ఏ సీఐపీ కోడ్, అంటే అది ఏ రకం చదువో చెప్పే నంబరు, ఇచ్చారో యూనివర్సిటీకి మెయిల్ రాసి అడగండి. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితం మీద అదే ఉంటుంది. అది స్టెమ్ జాబితాలో, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కల చదువుల జాబితాలో ఉంటేనే, చదువయ్యాక అక్కడ పనిచేసుకోనిచ్చే పన్నెండు నెలల ఓపీటీ మీద ఇంకో ఇరవై నాలుగు నెలలు. ఒకే రకం చదువుకు రెండు యూనివర్సిటీలు రెండు కోడ్లు పెట్టుకోవచ్చు. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టాక తెలుసుకునే సంగతి కాదిది.

స్పాన్సర్లు ఇక్కడే ఉన్నారు, అయినా అంటాను. పోయినేడు మా మేనకోడలి ఎస్‌ఓపీ, అంటే ఈ చదువు ఎందుకు కావాలో యూనివర్సిటీకి రాసే వ్యాసం, చదివాను. ‘చిన్నప్పటి నుంచీ కంప్యూటర్లంటే నాకు ప్రాణం’ అని మొదలు. వారం తర్వాత మా పక్కింటబ్బాయిది చదివాను. అదే వాక్యం, అదే ప్రాణం. ఇద్దరికీ రాసిచ్చింది ఒకే ఆఫీసు. అబ్బాయిదాంట్లో ఒకచోట యూనివర్సిటీ పేరు మార్చడం కూడా మరిచిపోయారు. మా మేనకోడలి నాన్న ట్రాక్టర్ మెకానిక్. ఉద్దెర ఖాతా మూడు పుస్తకాల్లో రాస్తాడు, ఏ పుస్తకం ఎవరికి చూపించాలో ఆయనకే తెలుసు. దానికన్నా మంచి ఎస్‌ఓపీ ఏముంటుంది? రాయమంటే సిగ్గుపడింది. ఇంగ్లీషులో బాగుండదంది.

చీటీ వచ్చింది. ‘టైమ్ అయిపోయింది మేడం’ అని. అయిపోతున్నా. ఫిబ్రవరి కదా, మిర్చి సీజన్. రేపు పొద్దున నేను, నాయిన మార్కెట్‌కు పోతున్నాం. రిటైరయి ఏడేళ్లయినా వస్తానన్నాడు. రావాలనుకునేవాళ్లు ఆరింటికి కాలేజీ గేటు దగ్గరుండండి. పది మంది కన్నా ఎక్కువొస్తే ఆటోలు మీరే చూసుకోవాలి. ఒక నోట్‌బుక్, ఒక పెన్సిల్. కాళ్లకు బూట్లు, ముక్కుకు దస్తీ కట్టుకోండి, ఘాటు తట్టుకోలేరు. కళ్లు మాత్రం రుద్దుకోవద్దు.