హోంకా కోసం నాలుగు మాటలు
(ఫిన్లాండ్‌లోని ఎస్పోలో ఉగాది సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం, ఉగాది శుభాకాంక్షలు. ఈ చలిదేశంలో వేపపువ్వు సంపాదించి పచ్చడి చేసిన అక్కయ్యలకు ముందుగా దండం. పొద్దున్నుంచి కుర్చీలు మోసిన తమ్ముళ్ళకు, బహుమతులు గెలిచిన పిల్లలకు, గెలవని పిల్లలకు కూడా.

"పిల్లలకు ఆటలు ఎందుకు" అన్న విషయం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఆటలు ఒంటికి మంచివని ఇక్కడ తెలియనివాళ్ళు ఎవరున్నారు? అందుకని మనం ఉంటున్న ఈ ఊరి బాస్కెట్‌బాల్ జట్టు కథ చెబుతాను. దాని పేరు ఎస్పో హోంకా. హోంకా అంటే బాగా ముదిరిన పైన్ చెట్టు. ఆ జట్టు ఇప్పుడు లేదు. మీలో చాలామంది వచ్చేసరికే అది పోయింది.

1957లో టాపియోలాలో హోంకా పేరుతో ఆటల సంఘం మొదలైంది. టాపియో అంటే ఫిన్నిష్ వాళ్ళ అడవి దేవుడు. అడవి దేవుడి పేరున్న పేటలో చెట్టు పేరున్న సంఘం! ఆ పేరుతోనే ఫుట్‌బాల్ జట్టు, బాస్కెట్‌బాల్ జట్టు పెరిగాయి. బాస్కెట్‌బాల్ జట్టు 2001, 2002, 2003లో వరుసగా మూడుసార్లు దేశ ఛాంపియన్ అయింది. తర్వాత 2007లో, 2008లో మళ్ళీ గెలిచింది. ఎనిమిదేళ్ళలో అయిదు టైటిల్స్. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళుగా ఉంటున్న మనవాళ్ళను అడిగి చూడండి, ఒక్కరికైనా తెలుసేమో.

నేను 2006 చివర్లో వచ్చాను. మధ్యాహ్నం మూడింటికే చీకటి. ఆఫీసు, ఇల్లు, ఇండియాకు ఫోను, అంతే. ఒక సాయంత్రం మా టీమ్‌లో పనిచేసే ఆవిడ "రా, ఆట చూద్దాం" అని టాపియోలా హాలుకు తీసుకెళ్ళింది. తలుపు తియ్యగానే యాలకుల వాసన! అక్కడ కాఫీతోపాటు పుల్లా అనే రొట్టె అమ్ముతారు, అందులో యాలకుల పొడి వేస్తారు. నాకు మా అమ్మ పాయసం గుర్తొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాను. బల్ల వెనక ఒక పెద్దావిడ ఉంది. ఏమీ అడగకుండా కప్పులో కాఫీ పోసి చేతికిచ్చింది. ఈ దేశంలో పని లేకుండా నాకు ఎదురుపడిన మొదటి మనిషి ఆవిడే. ఆవిడకు జీతం లేదు. వాళ్ళు దాన్ని తల్కోత్ అంటారు. మనం శ్రమదానం అంటాం చూడండి, అదే.

ఆ రోజు కోర్టులో ఒక కుర్రాడు ఉన్నాడు. పద్దెనిమిదేళ్ళవాడు, పేరు పెట్టేరి కోపోనెన్. బంతి వాడి చేతిలోకి వస్తే హాలంతా కాస్త ముందుకు వంగేది. ఎన్‌బీఏ అంటే అమెరికాలోని పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్, అక్కడి జట్లు కొత్త ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు. ఆ 2007 వేసవిలోనే ఎన్‌బీఏ డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో, 30వ స్థానంలో ఫిలడెల్ఫియా జట్టు వాడిని ఎంచుకుంది, తర్వాత ఆ హక్కులు పోర్ట్‌ల్యాండ్‌కు వెళ్ళాయి. అయినా వాడు ఇంకో ఏడాది ఇక్కడే ఆడాడు. 2008 టైటిల్ గెలిపించి ఇటలీలోని బొలోన్యాకు వెళ్ళాడు. ఎన్‌బీఏలో ఒక్క ఆటా ఆడలేదు కానీ, యూరప్‌లో పెద్ద జట్లయిన హిమ్కీ, బార్సిలోనా, బయర్న్ దాకా ఆడాడు. ఆ మనిషిని నేను మూడు గజాల దూరం నుంచి చూశాను. ఆట అయ్యాక అదే కాఫీ బల్ల దగ్గర నిలబడేవాడు.

2014 సంగతి కూడా చెప్పాలి. ఫిన్లాండ్ మొదటిసారి బాస్కెట్‌బాల్ ప్రపంచ కప్‌లో ఆడింది, స్పెయిన్‌లోని బిల్బావోలో. వేలమంది ఫిన్నిష్ వాళ్ళు విమానాలెక్కి వెళ్ళారు. టర్కీతో ఆట చివరి క్షణాలు, మన జట్టు ముందుంది. కోపోనెన్ చేతిలో రెండు ఫ్రీ త్రోలు. రెండూ పోయాయి. టర్కీ దూరం నుంచి మూడు పాయింట్ల బుట్ట వేసి సమం చేసింది, ఓవర్‌టైంలో, అంటే అదనపు సమయంలో, గెలిచింది. టీవీ ముందు నేను ఏడ్చాను. మా ఆయన "నీకెందుకు ఇంత టెన్షన్, మన దేశమా ఏమన్నానా" అన్నారు. అప్పటికి నేను ఇక్కడ ఎనిమిదేళ్ళుగా పన్ను కడుతున్నాను, నా కూతురు ఇక్కడే పుట్టింది. మన దేశం కాకపోతే మరెవరిది?

క్షమించాలి, హోంకా దగ్గరికి వస్తాను.

పాప పుట్టాక నేను ఆటలకు వెళ్ళడం మానేశాను. చలి, పని, పిల్ల... కారణాలకేం, బోలెడు. రెండేళ్ళ తర్వాత, 2010లో, డబ్బు ఇబ్బందులతో హోంకా లీగ్ నుంచే పోయింది. అయిదుసార్లు ఛాంపియన్ అయిన జట్టు! నాలాంటివాళ్ళు ఎంతమంది ఆ రెండేళ్ళూ ఇంట్లోనే కూర్చున్నారో అని ఇప్పటికీ అనుకుంటాను.

కథ అక్కడితో ఆగలేదు. 2016లో ఈ ఊరి ఐస్ హాకీ జట్టు బ్లూస్ దివాలా తీసింది. హాకీ, బాస్కెట్‌బాల్ రెండూ కలిపి ఎస్పో యునైటెడ్ అని పెట్టారు, అదీ 2018 వసంతంలో దివాలా. 2024లో ఫుట్‌బాల్ హోంకా పోయింది. మూడు లక్షలు దాటిన జనం, ఇన్ని పెద్ద కంపెనీలు, ఇన్ని జీతాలు ఉన్న ఊరు ఇది. దయచేసి ఒక్క నిమిషం ఫోన్లు పక్కన పెట్టి ఇది వినండి.

అదే 2018 వసంతంలో బాస్కెట్‌బాల్ దేశ ఛాంపియన్ ఎవరో తెలుసా? కౌహయోకి. దక్షిణ ఓస్ట్రోబోత్నియా అనే ప్రాంతంలో పొలాల మధ్య ఉన్న, సుమారు 13 వేల జనాభా ఊరు. జట్టు పేరు కార్హు, అంటే ఎలుగుబంటి. 2008లో ఆ ఊరి కాలేజీలో ఒక విద్యార్థి కాల్పులు జరిపి పదిమందిని చంపాడు. చాలా ఏళ్ళు ఆ ఊరి పేరు చెబితే దేశానికి ఆ రోజే గుర్తొచ్చేది. పదేళ్ళకు అదే ఊరు కప్పు ఎత్తింది, 2019లో మళ్ళీ ఎత్తింది. తర్వాత సాలో. నోకియా ఫోన్లు తయారైన ఊరు, మనలో కొందరు అక్కడ పనిచేశారు. 2012లో ఫోన్ల తయారీ ఆగింది, 2015లో మైక్రోసాఫ్ట్ మిగిలింది కూడా మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఆ ఊరి జట్టు విల్పాస్ 2021లో మొదటిసారి ఛాంపియన్ అయింది. మా ఊళ్ళో శ్రీరామనవమి పందిరికి ఇంటింటికీ చందా రాసేవారు. లేనివాళ్ళు కొబ్బరాకులు తెచ్చేవారు, అవీ లేనివాళ్ళు గుంజలు పాతేవారు. చిన్న ఊళ్ళో జట్టు కూడా అలాగే నిలబడుతుందని నా నమ్మకం. డబ్బున్న ఊళ్ళో ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకుంటాం.

2025లో యూరప్ దేశాల బాస్కెట్‌బాల్ పోటీ యూరోబాస్కెట్‌లో ఫిన్లాండ్ సెర్బియాను కొట్టి, జార్జియాను కొట్టి సెమీస్‌కు వెళ్ళినప్పుడు మన వాట్సాప్ గ్రూపులన్నీ నిండిపోయాయి. సంతోషం. కానీ ఆ ఆటగాళ్ళు టీవీలో పుట్టలేదు కదా. ఇలాంటి హాళ్ళలో, ఇలాంటి కాఫీ బల్లల పక్కన పుట్టారు.

హోంకా పేరుతో పిల్లల జట్లు ఇప్పటికీ ఉన్నాయి. మా పాప అక్కడే ఆడింది. మొదటి రోజు తీసుకెళ్తే గుమ్మంలోనే యాలకుల వాసన. బల్ల వెనక ఆ పెద్దావిడే. జుట్టు పూర్తిగా నెరిసింది. పెద్దల జట్టు పోయినా ఆవిడ ఫ్లాస్కు తీసుకుని వస్తూనే ఉందట. "ఆలస్యంగా వచ్చావు" అంది ఫిన్నిష్‌లో, నవ్వకుండా. ఆ హాలుకు మన పిల్లలు చాలామంది వస్తున్నారు. మనం మాత్రం కారులోంచి దించి, గంట తర్వాత వచ్చి తీసుకెళ్తాం. స్కోరు బల్ల డ్యూటీ వంతు వస్తే "ఈ వారం కుదరదండీ" అని మెసేజ్ పెడతాం. అక్కలూ, అన్నలూ, కోపం తెచ్చుకోకండి. నేనూ పెట్టాను.

వచ్చే శనివారం పదకొండింటికి పన్నెండేళ్ళ లోపు అమ్మాయిల ఆట ఉంది. స్కోరు బల్ల దగ్గర ఇద్దరు, కాఫీకి ఒకరు కావాలి. స్కోరు రాయడం ఇరవై నిమిషాల్లో నేర్పుతాను. భోజనాల గది గుమ్మం పక్కన కాగితం, పెన్ను పెట్టాను. మొదటి పేరు నాది రాశాను.