వినే కథకు వంత కావాలి

నమస్కారం. ఒక నవలను ఆడియోలో విన్నామని చెబితే "అయితే మీరు దాన్ని చదవలేదన్నమాట" అని తేల్చేసేవారు కొందరు, "విన్నా చదివినా మెదడుకు ఒకటేనని శాస్త్రజ్ఞులే నిరూపించారు" అని వాదించేవారు మరికొందరు. ఈ రెండు మాటలూ నన్ను చాలాకాలంగా ఇబ్బంది పెడుతున్నాయి, ఎందుకంటే కథ మనకు ఎలా అర్థమవుతుందన్న ప్రశ్న జోలికి ఆ రెండూ వెళ్ళవు.

[తెరపై: బుర్రకథ దళం]

బుర్రకథను గుర్తు చేసుకోండి. నడుమ తంబుర మీటుతూ కథకుడు, చెరో పక్కన గుమ్మెట వాయించే వంతలు ఉంటారు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. వారు "తందాన తాన" అని అందుకోవడంతో సరిపెట్టరు. కథకుడు ఒక ఘట్టం ముగించగానే ఆశ్చర్యపోతారు, ప్రశ్నిస్తారు, దానితో అతడు అదే సంగతిని మరో మాటల్లో మళ్ళీ చెప్పవలసి వస్తుంది. వంతలున్నది కేవలం వినోదానికేనని చాలామంది అనుకుంటారు కానీ, శ్రోత విన్నదాన్ని మనసులో సర్దుకోవడానికి కావలసిన వ్యవధిని ఇచ్చేది కూడా వారేనని నా అభిప్రాయం.

మరి ఒంటరిగా పుస్తకం చదువుకునేవారికి వంత ఎవరు? వారి కన్నే. చదివేటప్పుడు మన చూపు తిన్నగా ముందుకు సాగదు. నూటికి 10 నుంచి 15 సార్లు అది వెనక్కి దూకి, దాటి వచ్చిన మాటను మళ్ళీ చూస్తుంది, ఆ సంగతి చాలాసార్లు మనకే తెలియదు. 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, కన్ను ఒక పదాన్ని దాటగానే దాని అక్షరాలు కనబడకుండా చేసి చూశారు. వెనక్కి వెళ్ళినా చదవడానికి ఏమీ లేని ఆ పరిస్థితిలో, వాక్యాలు అర్థం కావడం స్పష్టంగా తగ్గింది. కంటికున్న వంతను నోరు మూయించారన్నమాట.

ఇప్పుడు "రెండూ ఒకటే" అన్న వాదానికి వద్దాం. దానికి ఎక్కువగా ఆధారంగా చూపేది 2019లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం. తొమ్మిది మంది ఒకే కథలను ఒకసారి విన్నారు, ఒకసారి చదివారు. మాటల అర్థానికి మెదడు స్పందించిన తీరు రెండు సందర్భాల్లోనూ దాదాపు ఒకేలా ఉంది. ఇది నిజంగా అద్భుతమైన ఫలితం. అయితే ఆ చదువు ఎలా జరిగిందో గమనించాలి: తెరపై ఒక్కొక్క పదమే, అది పలకడానికి పట్టినంతసేపే కనబడి మాయమైంది. వెనక్కి చూసే వీలు లేదు. మాట అర్థం మెదడులో ఎక్కడ పలుకుతుందో ఆ ప్రయోగం చక్కగా చూపింది కానీ, వంతలతో కథ, వంతలు లేని కథ ఒకటేనా అన్న ప్రశ్న దాని పరిధిలోనే లేదు.

వినడంలో లాభం లేదని నేను అనడం లేదు. "బాగానే ఉంది" అన్న మాటను తీసుకోండి. అత్తగారు కోడలి వంట రుచి చూసి ఆ మాట అన్నారని పుస్తకంలో ఉంటే, అది మెచ్చుకోలో, ఎత్తిపొడుపో ముందు వెనుక వాక్యాలను బట్టి మనమే నిర్ణయించుకోవాలి. వినిపించేవారి గొంతు ఆ నిర్ణయాన్ని మన బదులు తీసుకుంటుంది. తెలుగులో కర్తను వదిలేసి "వచ్చారు", "అన్నారు" అనడం మామూలే కనుక, నలుగురు మాట్లాడుకునే సన్నివేశంలో గొంతు మార్చి చదివితే ఎంతో మేలు. అయితే ఆ మేలుతో పాటు రెండో అర్థాన్ని మనంతట మనం ఊహించుకునే అవకాశం కొంత పోతుంది.

సమయం దగ్గరపడుతోంది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. 46 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో, మొత్తంమీద చదవడానికీ వినడానికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కానీ పాఠకులు తమ వేగంతో తాము చదువుకున్నప్పుడూ, చెప్పకుండా వదిలేసిన సంగతిని ఊహించవలసి వచ్చినప్పుడూ చదువుదే పైచేయి అయింది. కంటి కోసం రాసిన చిక్కటి నవలను ఆడియోలో వింటున్నవారు పది సెకన్లు వెనక్కి జరిపే బొత్తామును మొహమాటం లేకుండా వాడుకోవాలి. అక్కడ వంత అదే.

చివరగా పిల్లల సంగతి. గుణింతాలు, ఒత్తులు కూడబలుక్కునే వయసులో కంటికి ఇంకా వంత పాడే తీరిక ఉండదు. మీ పాపకు పాఠంలోని కథ అర్థం కాలేదనిపిస్తే, అదే కథను మీరు పైకి చదివి వినిపించి, తిరిగి చెప్పమని అడగండి. ఆమె చక్కగా చెప్పగలిగితే, అభ్యాసం కావలసింది అక్షరాల దగ్గరే.