యుద్ధం వద్దని సభ ఓటేస్తే, యుద్ధం ఎందుకు ఆగదు?

[తెర మీద: 85 – 81]

ఈ రెండు అంకెలూ ఒకసారి చూడండి. 1848 జనవరి 3, అమెరికా ప్రతినిధుల సభ. మెక్సికోతో యుద్ధం ఇంకా ముగియలేదు. అమెరికా సైన్యం మెక్సికో సిటీలోనే మకాం వేసి ఉంది. ఆ సమయంలో సభ ఓటు వేసి మరీ ఒక మాట అంది: ఈ యుద్ధాన్ని అధ్యక్షుడు అనవసరంగా, రాజ్యాంగానికి విరుద్ధంగా మొదలుపెట్టాడు అని. నాలుగు ఓట్ల తేడాతో నెగ్గింది. అటువైపు ఓటేసిన వాళ్లలో ఇలినాయ్ నుంచి మొదటిసారి గెలిచి వచ్చిన ఒకాయన ఉన్నాడు. పేరు అబ్రహాం లింకన్.

మరి సైన్యం వెనక్కి వచ్చిందా? ఆ ఓటు వల్ల ఒక్క సిపాయి కూడా ఇంటికి రాలేదు.

ఈ వీడియో ఎందుకంటే, నాకు చిరాకు తెప్పించే మాటలు రెండున్నాయి. ఏ యుద్ధం గురించి మాట్లాడినా ఎవరో ఒకరు అంటారు, "అమెరికా కాంగ్రెస్ వద్దని ఓటేసింది కదండీ, ఇక ఆగిపోయినట్టే" అని. ఇంకొకరు అంటారు, "కాంగ్రెస్‌దేముందండీ, అంతా అధ్యక్షుడి ఇష్టం" అని. రెండూ తప్పే. రెండోది ఇంకాస్త ఎక్కువ తప్పు.

అధికారాల విభజన గురించి బడిలో చదివిందే మళ్లీ చెప్పను. నేరుగా బస్సు దగ్గరికి వెళ్దాం.

ఒక బస్సు ఉంది. డ్రైవరు ఒక్కడే, అధ్యక్షుడు. స్టీరింగు, బ్రేకు, గేరు అన్నీ ఆయన చేతిలోనే. ఓనర్లు మాత్రం 535 మంది కాంగ్రెస్ సభ్యులు: సెనెట్‌లో 100, ప్రతినిధుల సభలో 435. బస్సు ఎక్కడికి వెళ్లాలో తేల్చాల్సింది ఓనర్లు. డీజిల్ డబ్బులు వాళ్ల దగ్గరే ఉంటాయి. ట్రిప్ షీటు తీయమని అడిగే హక్కూ వాళ్లదే. రాజ్యాంగం రాసినవాళ్లు ఎంత అనుమానపు మనుషులంటే, ఆర్మీకి ఒకేసారి రెండేళ్లకు మించి డబ్బు కేటాయించకూడదని రాసిపెట్టారు. ట్యాంకు ఫుల్ చేయకండి, మళ్లీ మళ్లీ వచ్చి అడగనివ్వండి అన్నమాట.

కాగితం మీద చూస్తే ఓనర్లదే పైచేయి. చిక్కెక్కడ వస్తుందంటే, గొడవ మొదలయ్యే సమయానికి బస్సు షెడ్డులో ఉండదు. ఘాట్ రోడ్డు మధ్యలో ఉంటుంది. నిండా జనం ఉంటారు. ఓనరు డీజిల్ ఆపుతానన్నాడనుకోండి, డ్రైవరు వెనక్కి తిరిగి ఏమంటాడు? "విన్నారా, మిమ్మల్ని ఈ లోయ పక్కన వదిలేయమంటున్నారు" అంటాడు. ఆ ప్రయాణికులు సైనికులు. వాళ్ల అమ్మానాన్నలకు ఓట్లున్నాయి.

లింకన్ చిక్కుకున్నది కూడా ఇక్కడే. యుద్ధం తప్పన్నాడు, సైన్యానికి సరుకులూ డబ్బూ ఇవ్వడానికి మాత్రం ఒప్పుకున్నాడు. దీన్ని కొందరు రెండు నాల్కల ధోరణి అంటారు. నాకు అలా అనిపించదు. ఘాట్ రోడ్డు మీద ఉన్న బస్సు విషయంలో ఎవరైనా అలాగే తడబడతారు. (ఇదే లింకన్ 1861లో డ్రైవరు సీట్లో కూర్చున్నాక, ఏప్రిల్‌లోనే 75,000 మంది మిలీషియాను పిలిచాడు. కాంగ్రెస్ కొలువుతీరింది జూలై 4న. సీటు మహత్యం!)

రెండో చిక్కు వీటో. "బస్సు వెనక్కి తిప్పు" అని ఓనర్లు మెజారిటీతో చీటీ రాసినా, డ్రైవరు దాన్ని చింపేయొచ్చు. అప్పుడు రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మంది మళ్లీ సంతకం పెట్టాలి. బయల్దేరమనడానికి సగం మంది కంటే ఒక్కరు ఎక్కువుంటే చాలు. ఆపమనడానికి మాత్రం మూడింట రెండొంతులు కావాలి. ఇది గుర్తుంచుకోండి, తర్వాతి కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

[తెర మీద: 1964 ఆగస్టు, టోంకిన్ సింధుశాఖ]

వియత్నాంకు వద్దాం. ఆగస్టు 2న ఉత్తర వియత్నాం పడవలు అమెరికా నౌక మేడాక్స్ మీదికి వచ్చాయి. అది నిజం. 4వ తేదీ రాత్రి మళ్లీ దాడి జరిగిందన్నారు. అది జరగలేదు. ఆ సంగతి తర్వాత బయటపడింది. కానీ 7వ తేదీకల్లా అధ్యక్షుడు జాన్సన్ కోరిన తీర్మానం రెండు సభల్లోనూ పాసైపోయింది. ప్రతినిధుల సభలో 416 – 0. సెనెట్‌లో 88 – 2. "అవసరమైన చర్యలన్నీ తీసుకో" అని దాని సారాంశం. ఓనర్లు సంతకాలు చేసిన ఖాళీ కాగితం డ్రైవరు చేతిలో పెట్టారు. ఊరి పేరు ఆయనే రాసుకున్నాడు.

కాదన్న ఆ ఇద్దరు ఒరెగాన్ సెనెటర్ వేన్ మోర్స్, అలాస్కా సెనెటర్ ఎర్నెస్ట్ గ్రూనింగ్. 1968లో ఇద్దరూ పదవి పోగొట్టుకున్నారు. ముందుగా నిజం చెప్పినవాళ్లకు దక్కే బహుమానం ఎక్కువసార్లు ఇదే.

ఆ తీర్మానాన్ని సెనెట్‌లో దగ్గరుండి నడిపించినాయన విదేశీ సంబంధాల కమిటీ ఛైర్మన్ విలియం ఫుల్‌బ్రైట్. నాకు ఈయన కథ ఇష్టం. ఎందుకంటే తాను మోసపోయానని గ్రహించాక మూలన కూర్చోలేదు. 1966 ఫిబ్రవరిలో అదే కమిటీలో, టీవీ కెమెరాల ముందు విచారణలు పెట్టాడు. కమ్యూనిజాన్ని కట్టడి చేయాలన్న విధానానికి ఆద్యుడు జార్జ్ కెన్నన్ స్వయంగా వచ్చి, వియత్నాంలో మనం ఇంతగా కూరుకుపోవాల్సిన పని లేదని చెప్పాడు. కెన్నన్ మాట్లాడుతుంటే సీబీఎస్ ఛానల్ ఏం వేసిందో తెలుసా? ఒక పాత కామెడీ సీరియల్ మళ్లీ వేసింది. దాంతో ఆ ఛానల్ వార్తా విభాగం అధిపతి ఫ్రెడ్ ఫ్రెండ్లీ రాజీనామా చేసేశాడు.

ఆ విచారణల వల్ల బాంబులు ఆగలేదు. మరి ఏం జరిగింది? బస్సు లోపల లైటు వేసినట్టయింది. కిటికీలోంచి లోయ కనిపించింది. అప్పటిదాకా యుద్ధం వద్దనేవాళ్లంటే వీధుల్లో అరిచే కుర్రాళ్లనే ముద్ర ఉండేది. ఇప్పుడు సూటు వేసుకున్న పెద్దమనుషులే ప్రభుత్వాన్ని నిలదీస్తున్నారు. పరిశీలన అధికారం అంటే ఇదే. బ్రేకు కాదు, లైటు.

లైటు వేయనివ్వకుండా డ్రైవరు ఏం చేస్తాడు? దొంగ ట్రిప్ షీటు రాస్తాడు. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఈ ఒక్క ముక్క కోసమే ఈ వీడియో మొదలుపెట్టాను.

1969 మార్చి నుంచి 1970 మే దాకా అమెరికా బి-52 విమానాలు కంబోడియా మీద రహస్యంగా బాంబులు వేశాయి. కంబోడియా అప్పటికి తటస్థ దేశం. అక్కడ బాంబులు వేయమని ఓనర్లెవరూ చెప్పలేదు. కాంగ్రెస్‌లో గుప్పెడు మందికి చెవిన వేశారంతే. దక్షిణ వియత్నాంలోని బియెన్ హోవాలో ఒక రాడార్ కేంద్రం ఉండేది. ఆ విమానాలకు ఎక్కడ బాంబు వదలాలో చెప్పేది అదే. అక్కడ మేజర్ హాల్ నైట్ అనే అధికారి డ్యూటీ. సాయంత్రం ఒక కవరు వస్తుంది. అందులో అసలు లక్ష్యాల అంకెలు. రాత్రి పని అయిపోయాక ఆయన ఆ కాగితాలన్నీ పోగుచేస్తాడు. లెక్కలు వేసిన చిత్తు కాగితాలతో సహా. అన్నీ తగలబెడతాడు. తర్వాత దక్షిణ వియత్నాంలోనే బాంబులు వేసినట్టు రిపోర్టు పంపుతాడు. చివరగా సైగాన్‌లో ఒక నంబరుకు ఫోన్ చేసి, ఆట అయిపోయిందని చెబుతాడు.

ఇలా మూడు వేల ఆరు వందలకు పైగా విమాన దాడులు. రికార్డుల్లో అన్నీ వేరే దేశంలో. పెంటగాన్ ఆ రికార్డుల్నే కాంగ్రెస్‌కు పంపింది.

మేజర్ నైట్ ఉద్యోగం వదిలేశాక సెనెట్‌కు ఉత్తరం రాశాడు. 1973 జూలైలో సాయుధ దళాల కమిటీ ముందు కూర్చుని ఇదంతా చెప్పాడు. డీజిల్ బిల్లు ఓనరే కడుతున్నాడు, బస్సు ఏ దేశంలో తిరుగుతోందో మాత్రం ఆయనకు తెలియదు. యుద్ధానికి వ్యతిరేకంగా ఎన్ని ప్రసంగాలైనా చేయండి, ట్రిప్ షీటే అబద్ధమైతే ఆ ప్రసంగం వేరే బస్సు గురించి చేసినట్టే.

సరే, అసలు బస్సు ఆగిందా? ఆగింది. ఎలా ఆగిందో చూద్దాం.

ముందు ఫలించని ప్రయత్నాలు. 1970లో అధ్యక్షుడు నిక్సన్ కంబోడియాలోకి నేరుగా సైన్యాన్ని పంపాడు. అక్కడి సైన్యానికి డబ్బు ఆపే కూపర్–చర్చ్ సవరణను సెనెట్ 58 – 37తో పాస్ చేసింది. ప్రతినిధుల సభతో బేరాలన్నీ అయ్యి, పలుచన చేసిన రూపం చట్టమయ్యేసరికి ఆ సైన్యం ఎప్పుడో బయటికి వచ్చేసింది. 1971 జనవరిలో ఆ పాత టోంకిన్ తీర్మానాన్ని కూడా రద్దు చేశారు. ఖాళీ కాగితం వెనక్కి తీసుకున్నారన్నమాట. నిక్సన్ దాని మీద నిక్షేపంగా సంతకం పెట్టాడు! ఆ కాగితం నాకు అక్కర్లేదు, సర్వసైన్యాధ్యక్షుణ్ణి, నా సైనికుల్ని కాపాడుకునే అధికారం నాకు ఎలాగూ ఉంది అన్నాడు. యుద్ధం ఇంకో రెండేళ్లు నడిచింది.

ఇక 1973. జనవరిలో పారిస్ ఒప్పందం అయింది, అమెరికా సైనికులు వియత్నాం నుంచి ఇంటికొచ్చేశారు. అంటే ఏమిటి? ప్రయాణికులు దిగిపోయారు. కంబోడియా మీద మాత్రం బాంబులు పడుతూనే ఉన్నాయి. ఇప్పుడు డీజిల్ ఆపితే లోయలో పడేదెవరూ లేరు. డ్రైవరు మైకులో చెప్పే మాట ఇక పని చేయదు.

జూన్‌లో కాంగ్రెస్ బాంబు దాడులకు డబ్బు ఆపే నిబంధనను ఒక అదనపు నిధుల బిల్లులో పెట్టింది. జూన్ 27న నిక్సన్ వీటో చేశాడు. ప్రతినిధుల సభలో మూడింట రెండొంతులు రాలేదు. మామూలుగా కథ ఇక్కడ అయిపోవాలి. కానీ తేదీ చూడండి. అప్పట్లో అమెరికా ఆర్థిక సంవత్సరం జూన్ 30తో ముగిసేది. కొత్త డబ్బు రాకపోతే జీతాలకూ, ఆఫీసులకూ కటకట. ఆ నిబంధనను వచ్చే ప్రతి బిల్లుకూ తగిలిస్తూనే ఉంటామని కాంగ్రెస్ పట్టు పట్టింది. యుద్ధం ఆపమనే చీటీ అయితే చింపొచ్చు. అదే చీటీని ఆయన జీతాల రిజిస్టరుకే పిన్ను కొడితే?

నిక్సన్ బేరానికి దిగాడు. ఆగస్టు 15 దాకా గడువివ్వండి అన్నాడు. ఒప్పుకున్నారు. జూలై 1న సంతకం పెట్టాడు. ఆగస్టు 15న బాంబులు ఆగిపోయాయి.

ఆ ఆరు వారాల గడువుకు ధర లేదనుకోకండి. ఆగస్టు 6న ఒక బి-52 పొరపాటున నియాక్ లువాంగ్ అనే పట్టణం మీద బాంబులు వదిలింది. అది అమెరికాకు మిత్రపక్షమైన ప్రభుత్వం చేతిలో ఉన్న పట్టణం. వంద మందికి పైగా చనిపోయారు. ఈ బేరాన్ని విజయం అని రాసేవాళ్లు ఆ ఊరి పేరు కూడా రాయాలని నా అభిప్రాయం.

టైం అయిపోవస్తోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను.

1973 నవంబర్ 7న నిక్సన్ వీటోను తోసిరాజని యుద్ధాధికారాల తీర్మానం వచ్చింది. సైన్యాన్ని దించితే 48 గంటల్లో కాంగ్రెస్‌కు చెప్పాలి. అనుమతి రాకపోతే 60 రోజుల్లో ఆపాలి, వెనక్కి రావడానికి మరో 30 రోజులు. రెండు సభలూ కలిసి ఎప్పుడైనా వెనక్కి రమ్మనొచ్చు, అధ్యక్షుడి సంతకం అక్కర్లేదు. ఈ చివరి ముక్క 1983లో సుప్రీంకోర్టు ఇచ్చిన చాధా తీర్పుతో చతికిలబడింది: అధ్యక్షుడి ముందుకు వెళ్లని ఓటుకు చట్టబలం లేదని దాని సారాంశం. అది వలస, పౌరసత్వ శాఖ కేసు, యుద్ధంతో సంబంధమే లేదు. దాని మీద విడిగా వీడియో చేయాలి.

2007: ఇరాక్‌కు అదనపు బలగాలు వద్దని ప్రతినిధుల సభ 246 – 182తో అంది. ఉత్త మాట, కట్టుబడక్కర్లేదు. తర్వాత డబ్బుకు గడువు ముడిపెట్టారు, మే 1న బుష్ వీటో చేశాడు, నెల తిరక్కుండా గడువు లేకుండానే డబ్బు ఇచ్చేశారు. ప్రయాణికులు బస్సులోనే ఉన్నారు మరి.

2019: యెమెన్‌లో సౌదీ చేస్తున్న యుద్ధానికి సాయం ఆపమని రెండు సభలూ ఓటేశాయి. ట్రంప్ వీటో. సెనెట్‌లో 53 – 45 వచ్చింది, మూడింట రెండొంతులు కాలేదు.

ఇక 2011, లిబియా. ఇది చెప్పకుండా వదల్లేను. 60 రోజులు దాటినా అమెరికా దాడులు ఆగలేదు. ఒబామా ప్రభుత్వ వాదన ఏమిటంటే, నేల మీద మన సైనికులు లేరు, ఎదురుకాల్పులు పెద్దగా లేవు, కాబట్టి ఆ చట్టం చెప్పే పోరాటం ఇది కాదు. బస్సు నడపడం లేదండీ, న్యూట్రల్‌లో దొర్లుతోంది అన్నట్టు! జూన్ 24న ప్రతినిధుల సభ రెండు ఓట్లు వేసింది. ఈ యుద్ధానికి అనుమతి ఇద్దామా? 123 – 295, వద్దు. సరే, అయితే నేరుగా దాడులకు వాడే డబ్బు ఆపుదామా? 180 – 238, అదీ వద్దు. ఈ బిల్లు మరీ మెత్తగా ఉందని వద్దన్నవాళ్లు కూడా అందులో ఉన్నారు.

ఒకే రోజు, ఒకే సభ. నాటో విమానాలు అక్టోబర్ 31 దాకా ఎగిరాయి.

[తెర మీద: 123 – 295, 180 – 238]