రాయగడ కాలవ చివర ఏముంది?

(తెర మీద: గాజు గ్లాసులో తేనెరంగు నీళ్లు)

నమస్తే అండి. ఇది టీ కాదు. ఉప్పుడు బియ్యం కోసం ధాన్యం నానబెట్టి, తొట్టి ఖాళీ చేసేటప్పుడు వదిలేసే నీళ్లు. రెండు రోజులు మూత పెట్టి ఉంచాను. తీస్తే పులిసిపోయిన కుడితి వాసన!

మా రాయగడలో ఎవర్ని అడిగినా ఒకటే మాట: "మునిసిపాలిటీ కాలవ ఉంది కదండీ, వదిలేస్తే పోతుంది." పోతుంది. ఎక్కడికి పోతుందన్నదే అసలు సంగతి.

ముందు చట్టం. 1974 నాటి నీటి కాలుష్య చట్టం 24వ సెక్షన్ నదులు, బావులతో ఆగలేదు. తెలిసి తెలిసి మురుగు కాలవలోకి విషపదార్థాలు వదలడమూ నిషేధమే. ఫ్యాక్టరీ నీళ్లు వదలాలంటే 25వ సెక్షన్ కింద కాలుష్య నియంత్రణ మండలి కన్సెంట్, అంటే అనుమతి, కావాలి. మనకైతే అది ఒడిశా మండలి.

(తెర మీద: రెండు అంకెలు, 30, 350)

ఇప్పుడు బీవోడీ. నీళ్లలో మురికిని సూక్ష్మజీవులు తినేయడానికి ఎంత ఆక్సిజన్ పడుతుందో చెప్పే లెక్క ఇది. మురికి ఎక్కువైతే ఆక్సిజన్ అంతా వాటికే సరిపోతుంది, చేపకి మిగలదు. పర్యావరణ నిబంధనల ఆరో షెడ్యూలు ప్రకారం నదిలోకి వదిలే నీళ్లలో అది లీటరుకి 30 మిల్లీగ్రాములు దాటకూడదు. పబ్లిక్ మురుగు కాలవకైతే 350 దాకా పర్వాలేదు. కొన్ని పరిశ్రమలకి విడి లెక్కలున్నాయి, అవి వేరే.

350 అనగానే మిల్లు ఆసామి మొహం వెలిగిపోతుంది. ఆగండి బాబూ! కింద ఒక షరతుంది. కాలవ చివర సూక్ష్మజీవులతో శుద్ధి చేసే ప్లాంటు ఉంటేనే ఆ 350. లేదంటే నదిలో వదిలినట్టే లెక్క, అంటే మళ్లీ 30కే వచ్చాం.

(తెర మీద: చేత్తో గీసిన నాగావళి మ్యాపు)

రాయగడ దాటిన నాగావళి తోటపల్లి బ్యారేజీ మీదుగా శ్రీకాకుళం వెళ్తుంది. మనలో సగం మందికి చుట్టాలున్నది అటే.

"నాలుగు ట్యాంకర్లు బోరు నీళ్లు కలిపేస్తే?" అని అడిగాడు ఒకాయన. అంకె తగ్గుతుంది, మురికి తగ్గదు. మజ్జిగలో నీళ్లు పోస్తే వెన్న ఎక్కడికి పోతుంది?

ప్లాంటు ఉన్న ఊళ్లోనైనా ఏది పడితే అది వదలడానికి లేదు. కాలవలోకి సీసం లీటరుకి 1 మిల్లీగ్రాము, నూనె, గ్రీజు 20 దాటకూడదు. పీహెచ్, అంటే నీళ్లలో ఆసిడ్ గుణం ఎంతో చెప్పే కొలత, 5.5 నుంచి 9 మధ్య ఉండాలి. లోహాలు ఎక్కువైతే ప్లాంటులో పనిచేసే సూక్ష్మజీవులే చచ్చిపోతాయి. ఆసిడ్ సంగతి ఇంకా ఘోరం. కాంక్రీటు పైపుని కొరుక్కు తినేస్తుంది, సల్ఫైడున్న మురుగులో పడితే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. మ్యాన్‌హోల్ మూత తీసి వంగినవాడి ప్రాణం తీయడానికి ఆ గ్యాసు చాలు.

మిల్లున్నవాళ్లు కన్సెంట్ కాగితం బయటికి తీయండి. నీళ్లు ఎక్కడ వదలాలో, ఎంత లిమిటో అందులోనే ఉంటుంది. మిగతావాళ్లు మునిసిపాలిటీకి సమాచార హక్కు కింద ఒక్క ప్రశ్న రాయండి: "మా వీధి కాలవ చివర శుద్ధి ప్లాంటు ఉందా?"