స్క్లోడోవ్‌స్కా ఎపిసోడ్: ఒక పోలిష్ ఇంటిపేరు ఎక్కడ పుట్టింది, ఎక్కడ తేలింది

రాజు: రికార్డవుతోందా వదినా?

వాణి: అవుతోంది. అందరికీ నమస్కారం. ఇవాళ ఫ్యాన్ ఆపేశాం. ఫ్యాన్ చప్పుడు వినిపిస్తోందన్న మన శ్రోత తణుకు గారు ఇక మెయిల్ పెట్టక్కర్లేదు.

రాజు: తణుకు గారూ, చెమటలు కారుతున్నాయండీ ఇక్కడ. మీ పుణ్యమే.

వాణి: సరే. ఇవాళ విషయం పోలండ్ ఇంటిపేర్లు. అందులో అరుదైన పేరొకటి తీసుకుని, అది ఎక్కడ పుట్టింది, ఎటెటు పాకింది చూద్దాం. వ్రోత్స్వాఫ్‌లో ఉద్యోగం చేస్తున్న మన శ్రోత ఒకబ్బాయి అడిగాడు. వాళ్ళ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర బెల్ బోర్డు ఉంటుంది కదా, దాని మీద ఏ పేరు చూసినా చివర 'స్కీ', లేకపోతే 'స్కా'. వీళ్ళందరూ ఒకే కులం వాళ్ళా అక్కా అని అడిగాడు.

రాజు: మనవాడే. సందేహం లేదు.

వాణి: నవ్వకు, ప్రశ్న మంచిదే. 'స్కీ' అంటే చాలామట్టుకు ఫలానా ఊరివాడు అని. మనకి కందుకూరు నుంచి కందుకూరి, తాళ్ళపాక నుంచి తాళ్ళపాక అన్నమయ్య వచ్చినట్టే. ఆడవాళ్ళకైతే 'స్కా'. అన్న స్కీ, చెల్లెలు స్కా, ఇంటి పేరు మాత్రం ఒకటే. నేను తీసుకున్నది స్క్లోడోవ్‌స్కీ.

రాజు: ఆగండాగండి. స్క్లోడోవ్‌స్కా అంటే మేరీ క్యూరీ కదా! పిచ్‌బ్లెండ్!

వాణి: రాజూ. ఒప్పందం ఏంటి?

రాజు: ఇరవై నిమిషాల దాకా రాళ్ళ ఊసెత్తకూడదు.

వాణి: ఇప్పుడెన్ని నిమిషాలయింది?

రాజు: పిచ్‌బ్లెండ్ రాయి కాదు వదినా, యురేనియం ఉండే ఖనిజం.

వాణి: [నిట్టూర్పు] పోలండ్ వాళ్ళు ఆ పేరులో 'ల'ని 'వ'లా పలుకుతారు, స్క్వోడోఫ్‌స్కా అన్నట్టు. నాకది సరిగ్గా రాదు, అలవాటైనట్టే అంటాను. వార్సాకి ఈశాన్యంగా మజోవియా ప్రాంతంలో, ఓస్ట్రూఫ్ మజోవియెట్స్కా అనే పట్నం దగ్గర స్క్లోడి అని ఊరుంది. ఒక్క ఊరు కూడా కాదు, ఊళ్ళ గుంపు. స్క్లోడి-పియోత్రోవిత్సె, స్క్లోడి-స్టాహి, స్క్లోడి-స్రెద్నియె. మనకి పెద, చిన ఉన్నట్టు. ఆ ఊళ్ళే ఆ ఇంటిపేరుకి పుట్టిల్లు.

రాజు: ఊరి పేరే ఇంటిపేరంటే పెద్ద జమీందార్లా?

వాణి: అదే తమాషా. రాజుల కాలంలో పోలండ్ మొత్తమ్మీద పదిమందిలో ఒకరు, అటూ ఇటుగా, ప్రభువర్గం. మజోవియాలో ఇంకా ఎక్కువ. ఇంతమందికి భూమి ఎక్కణ్ణుంచి వస్తుంది? కాబట్టి కులచిహ్నం ఉంటుంది, కత్తి ఉంటుంది, రాజుని ఎన్నుకోవడంలో ఓటుంటుంది, పొలం మాత్రం తనే దున్నుకోవాలి. కింద పనిచేసే రైతు ఒక్కడూ ఉండడు. ఊళ్ళో సగంమందికి ఒకటే ఇంటిపేరు. ఎవరు ఎవరో తెలియడానికి ఒక్కో కుటుంబానికీ ఒక ముద్దుపేరు తగిలించేవారు.

రాజు: మా చిన్నప్పుడు మూడు పెంకుటిళ్ళూ ఒకే ఇంటిపేరు. బావి వాళ్ళు, చింతచెట్టు వాళ్ళు, మేము.

వాణి: మీరేమిటి?

రాజు: అది వద్దులెండి. ఆన్ ఎయిర్.

వాణి: [నవ్వు] పేరు ఎందుకు అరుదయిందో చెప్పేస్తాను. నొవాక్ అంటే కొత్తగా వచ్చినవాడు. ప్రతి ఊరికీ ఎప్పుడో ఒకడు కొత్తగా వస్తాడు. కాబట్టి ఆ పేరు వందల చోట్ల విడివిడిగా పుట్టింది. ఇవాళ రెండు లక్షల మంది దాకా ఉన్నారు, దేశంలో మొదటి స్థానం వాళ్ళదే. కొవాల్స్కీ అయినా కమ్మరి నుంచి వచ్చింది, కమ్మరి లేని ఊరుంటుందా? స్క్లోడోవ్‌స్కీకి మాత్రం వేరు ఒక్కటే. అక్కణ్ణుంచే కొమ్మలు పోవాలి. పొలం పంచుకుంటూ పోతే చిన్న కొడుకులకి ఏమీ మిగలదు, చదువుకుని పట్నం చేరతారు. మరియా, అంటే మన మేరీ క్యూరీ, ఆవిడ తాత యూజెఫ్ స్క్లోడోవ్‌స్కీ లూబ్లిన్‌లో బడి నడిపాడు. నాన్న వ్లాదిస్వాఫ్ వార్సాలో లెక్కలు, ఫిజిక్స్ చెప్పాడు. దున్నే చేతులు రెండు తరాల్లో సుద్దముక్క పట్టాయి.

రాజు: తర్వాత పారిస్ వెళ్ళి క్యూరీ అయింది. ఇంటిపేరు కథ అయిపోయింది.

వాణి: ఏంటి?

రాజు: అంటే, ప్రపంచానికి తెలిసింది క్యూరీయే కదా. టెన్త్ క్లాసులో మేరీ క్యూరీ అనే చదివాం.

వాణి: నువ్వు చదివితే అయిపోయిందా? 1895 జూలైలో పెళ్ళయింది. 1898 ఏప్రిల్‌లో ఫ్రెంచ్ సైన్స్ అకాడమీకి యురేనియం, థోరియం కిరణాల మీద ఆవిడ ఒక్కతే రాసిన పేపరుంది. దాని మీద పేరేంటో తెలుసా? మదామ్ స్క్లోడోవ్‌స్కా క్యూరీ. పెళ్ళయి మూడేళ్ళు కావస్తోంది, పుట్టింటి పేరు ముందుంది. అదే ఏడాది జూలైలో పొలోనియం పేపరు మొగుడూ పెళ్ళాం కలిసి రాశారు. అందులో మిస్టర్ పి. క్యూరీ, మిసెస్ ఎస్. క్యూరీ. ఆ 'ఎస్' ఏంటి? మేరీలో ఎస్ ఉందా?

రాజు: లేదు.

వాణి: స్క్లోడోవ్‌స్కా. ఒక్క అక్షరానికి కుదించినా వదల్లేదు. 1903లో థీసిస్ మీదా స్క్లోడోవ్‌స్కా క్యూరీయే.

రాజు: మీరిలా ఊగిపోతారని తెలుసుంటే వేరే ఎపిసోడ్ పెట్టుకునేవాళ్ళం.

వాణి: ఊగిపోవడం కాదు. నాకు పెళ్ళయిన కొత్తలో ఒక ఆఫీసుకి వెళ్ళాను, పేరు చెప్పను. డిగ్రీ సర్టిఫికెట్ మీద పుట్టింటి పేరు, పెళ్ళి సర్టిఫికెట్ మీద మీ ఇంటిపేరు. 'అమ్మా, మీరిద్దరూ ఒకరేనని రుజువేంటి' అన్నాడు కౌంటర్లో ఆయన. నా ఎదురుగా కూర్చుని నన్నడుగుతున్నాడు! అఫిడవిట్ తెమ్మన్నాడు. తెస్తే, స్టాంప్ పేపర్ మీద ఇంటిపేరు ముందు రాశారు, ఫారంలో వెనక రాశారు, కుదరదన్నాడు.

రాజు: అన్నయ్య ఏమన్నాడు?

వాణి: మీ అన్నయ్య ఏమంటాడు. 'మార్చేసుకో, పని అయిపోతుంది' అన్నాడు.

రాజు: మీరు మార్చుకోలేదు.

వాణి: నీకు తెలీదా? ఇరవై ఏళ్ళుగా పెళ్ళి శుభలేఖల మీద మీవాళ్ళు నా పేరు ఎలా వేయాలో తెలీక చస్తున్నారు.

రాజు: [నవ్వు] సరే, నేను అటువైపు నించుని వాదిస్తాను. నోబెల్ రెండుసార్లు వచ్చింది, 1903లో, 1911లో. ఆవిడకి అభ్యంతరముంటే అప్పుడే చెప్పేది కదా? పిల్లలు ఐరీన్, ఈవ్ ఇద్దరూ క్యూరీలే. పైగా ఐరీన్ ఆ క్యూరీని వదల్లేదు. మొగుడు జోలియో వచ్చి జోలియో-క్యూరీ అయ్యాడు. అల్లుడికి అత్తగారింటి పేరు తగిలించిన ఘనత క్యూరీది. స్క్లోడోవ్‌స్కాకి ఆ బలం లేదు.

వాణి: బలం పేరుకుంటుందా? పారిస్‌కి ఉంటుంది. ఆవిడ వార్సాలో ప్రొఫెసరయి ఉంటే ఆవిడ మొగుడు పియేర్‌ని ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

రాజు: వార్సాలో ఆడవాళ్ళని యూనివర్సిటీలో చేర్చుకోలేదు కదా ఆ రోజుల్లో. అందుకేగా పారిస్ వెళ్ళింది.

వాణి: అదీ నిజమే. [ఆగి] రష్యా పాలన. దేశమే మ్యాప్ మీద లేదు. లేని దేశం పేరే మొదటి మూలకానికి పెట్టింది, పొలోనియం అని.

రాజు: ఇప్పుడైనా వదలండి నన్ను. ఇరవై నిమిషాలయ్యాయి.

వాణి: పద్నాలుగు.

రాజు: వదినా, ఇది మీ పక్షానికే పనికొస్తుంది. స్క్లోడోవ్‌స్కైట్ అని ఖనిజం ఉంది.

వాణి: అబద్ధం.

రాజు: ఒట్టు. కాంగోలో, అప్పుడు బెల్జియం వలస, కటంగాలో షింకొలోబ్వె అని గని. తర్వాత అణుబాంబుకి అమెరికా వాళ్ళు యురేనియం తెచ్చుకున్నది అక్కణ్ణుంచే. ఆ గని ఖనిజానికి 1924లో బెల్జియం ఖనిజ శాస్త్రవేత్త షోప్ ఆ పేరు పెట్టాడు. మెగ్నీషియం ఉన్న యురేనియం సిలికేట్. లేత పసుపు, సన్నటి సూదులు. రాయి మీద గుత్తులు గుత్తులుగా కూర్చుంటాయి. ఫోటో పంపిస్తా. అంత అందమైన దాన్ని చేత్తో పట్టుకోకూడదు. ఇప్పుడు మన తుమ్మలపల్లెలో ఖనిజం ఏంటంటే—

వాణి: వచ్చేశాడు! తుమ్మలపల్లె వచ్చేసింది! లెక్క రాసుకుంటున్నవాళ్ళు రాసుకోండి, పదిహేనో నిమిషం.

రాజు: కడప జిల్లాలో యురేనియం గని ఉండటం నా తప్పా?

వాణి: కాదు. కానీ ఈ ఖనిజం సంగతి బావుంది. మజోవియాలో ఎక్కడో చిన్న ఊరు పేరు కాంగో గనిలో తేలింది. ఇంటిపేరు ఎటెటు పాకింది అంటే మనుషులతోనే పాకాలా?

రాజు: చంద్రుడి మీద కూడా ఉంది. స్క్లోడోవ్‌స్కా అని ఒక గుంట, క్యూరీ అని ఇంకోటి. దగ్గర దగ్గరే. క్యూరియం మూలకం మాత్రం ఇద్దరికీ కలిపి పెట్టారు, కలిపి అన్నారు గానీ పేరు ఆయనదే.

వాణి: చూశావా, ఇప్పుడు నువ్వే అన్నావు.

రాజు: ఏదో మాటవరసకి.

వాణి: యూరోపియన్ యూనియన్ ఫెలోషిప్ ఉంది కదా, మన పిల్లలు చాలామంది అప్లై చేస్తారు. ముందు మేరీ క్యూరీ అనే ఉండేది. 2014 నుంచి మేరీ స్క్లోడోవ్‌స్కా-క్యూరీ అయింది. మన పేపర్లలో మాత్రం ఫలానా అమ్మాయికి మేరీ క్యూరీ ఫెలోషిప్ అనే వేస్తారు.

రాజు: హెడింగులో పట్టదు వదినా.

వాణి: మన హీరోల బిరుదులు పడతాయి కదా హెడింగులో.

రాజు: [నవ్వు] దానికి నా దగ్గర సమాధానం లేదు.

వాణి: ఒకటి అడుగుతాను చెప్పు. మీ నాయనమ్మ పుట్టింటి పేరేంటి?

రాజు: నాయనమ్మదా? [ఆగి] ఊరు తెలుసు. తమ్ముడు ఉండేవాడు, సైకిలు తాతయ్య. ఇంటిపేరు... ఉండండి.

వాణి: ఉంటాను.

రాజు: తెలీదు వదినా.

వాణి: నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ పక్కన కూర్చుని అడిగాను. చెప్పి, 'ఎందుకే ఇప్పుడది' అంది.

రాజు: చెప్పండి మరి.

వాణి: చెప్పను. పెద్దత్తయ్యకి ఫోన్ చేసి అడుగు. ఆవిడకీ సంతోషంగా ఉంటుంది.

రాజు: [కాసేపు ఆగి] ఈ ముక్క ఎడిటింగ్‌లో తీసేస్తారా?

వాణి: తీయను.

రాజు: సరే. అసలు విషయానికి రండి, ఆ వ్రోత్స్వాఫ్ అబ్బాయి పాపం ఎదురు చూస్తున్నాడు.

వాణి: గబగబా చెప్పేస్తాను. అతనుండే ఊరు యుద్ధం దాకా జర్మన్లది, బ్రెస్లావ్. 1945 తర్వాత జర్మన్లని పంపించేశారు. తూర్పున ల్వూఫ్, విల్నో సోవియట్ వాళ్ళకి పోయాయి, అక్కడి పోలిష్ వాళ్ళు రైళ్ళెక్కి ఇటొచ్చారు. కాబట్టి ఆ బెల్ బోర్డు మీద పేరు చూసి ఈ ఊరిదే అనుకోకూడదు. తాతలు ఇప్పటి ఉక్రెయిన్ వాళ్ళు అయుండొచ్చు. 1947లో ఆగ్నేయ మూల కొండల్లోని లెమ్కోలనే చిన్న జాతి వాళ్ళనీ, ఉక్రేనియన్లనీ సైన్యం ఖాళీ చేయించి పశ్చిమానికీ, ఉత్తరానికీ చెదరగొట్టింది. ఒక అరుదైన పేరుని మ్యాప్ మీద పెడితే ఆగ్నేయంలో ఒక మచ్చ, పడమర అంచున ఇంకో మచ్చ, మధ్యలో ఖాళీ ఉందనుకో, ఆ ఖాళీకి కారణం రైలు.

రాజు: ఆ మ్యాప్ ఎవరు గీశారు?

వాణి: కాజిమియెజ్ రీముత్ అని క్రాకూఫ్ పండితుడు. 1990 నాటి జనాభా రిజిస్టరు పట్టుకుని, అప్పుడున్న 49 జిల్లాల్లో ఏ ఇంటిపేరు వాళ్ళు ఎక్కడ ఎంతమందో పది సంపుటాలు అచ్చువేశాడు. వాళ్ళ పేర్లు వెతికేవాళ్ళకి మొదటి మెట్టు అదే.

రాజు: జిల్లాలు తర్వాత మార్చేశారేమో?

వాణి: 1999లో 16 చేశారు.

రాజు: మనకంటే నయం.

వాణి: ఇంకోటి. పాత రికార్డుల్లో వెతకాలంటే స్కీ, స్కా రెండూ చూడాలి. మరియా పుట్టిన వార్సా వైపు అయితే 1868 నుంచి చర్చి రిజిస్టర్లు రష్యన్‌లో రాయించారు. ఆవిడ పుట్టింది 1867 నవంబర్. ఆ మరుసటి ఏడాది నుంచి అక్కడ పుట్టిన పిల్లల పేర్లు వేరే లిపిలో వెతుక్కోవాలి.

రాజు: అంటే ఆ అబ్బాయికి సమాధానం, ఒకే కులం కాదు.

వాణి: కాదు. ప్రభువర్గం వాళ్ళ పేర్లు ఊళ్ళ నుంచి వచ్చాయి, తర్వాత రైతులూ, పట్నం వాళ్ళూ అదే 'స్కీ' తగిలించుకున్నారు. పేరు చూసి మనిషి ఎవరో చెప్పలేం.

రాజు: ఇందాకటిది నేను ఒప్పుకోలేదు వదినా. ఆవిడ పేరులో పుట్టింటి పేరే ముందుంటుందని కదా మీ వాదన, పోలండ్‌లో కూడా?

వాణి: అవును.

రాజు: లూబ్లిన్‌లో 1944లో పెట్టిన యూనివర్సిటీ పేరు చూస్తున్నా ఇప్పుడే. మరియా క్యూరీ-స్క్లోడోవ్‌స్కా. క్యూరీ ముందుంది!

వాణి: అది... వాళ్ళ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కి స్క్లోడోవ్‌స్కా-క్యూరీ అనే ఉంది.

రాజు: నేను యూనివర్సిటీ సంగతి అడుగుతున్నా. అదీ ఎక్కడ? వాళ్ళ తాత బడి నడిపిన ఊళ్ళో.

వాణి: ముందుంటే ఏంటి, వెనకుంటే ఏంటి, ఉందిగా!

రాజు: ఆ కౌంటర్లో ఆయనతో కూడా ఇదే అన్నారా?

వాణి: నువ్వు ముందు పెద్దత్తయ్యకి ఫోన్ చెయ్యి. ఈయనొచ్చారు, తలుపు తీయాలి, ఆపుతున్నా.

రాజు: అన్నయ్యనే అడుగుదాం, మైకు ఇటివ్వండి. అన్నయ్యా, నాయనమ్మ పుట్టింటి—