పొడుగు పటర్ కాదు బాబూ, పోర్త్‌కాల్ గాలి!

నమస్తే అండీ. ముందు మూడు అంకెలు చెప్తాను, గుర్తు పెట్టుకోండి. మైనస్ 18. మైనస్ 4. ప్లస్ 5.

ఈ మూడూ సీనియర్ ఓపెన్, అంటే యాభై దాటిన గోల్ఫర్ల పెద్ద టోర్నీ, గెలిచిన స్కోర్లే. పార్ అంటే కోర్సుకి లెక్కకట్టిన షాట్లు; మైనస్ అంటే దానికంటే తక్కువ షాట్లు, అదే మంచిది. మూడూ ఒకే కోర్సులో, వేల్స్‌లోని రాయల్ పోర్త్‌కాల్‌లో. 2014లో జర్మనీ ఆటగాడు బెర్నార్డ్ లాంగర్, 2017లో మళ్ళీ లాంగర్, 2023లో అలెక్స్ చేకా. ఆ చేకా పార్ కంటే 5 ఎక్కువ కొట్టి కూడా పాడ్రిగ్ హారింగ్టన్‌తో సమంగా నిలిచి, టై తేల్చే ప్లేఆఫ్‌కి వెళ్ళి కప్పు పట్టుకుపోయాడు. పార్ కూడా కొట్టలేని ఛాంపియన్! అంటే ఆ వారం అక్కడ గాలీ వానా ఏ రేంజ్‌లో ఉన్నాయో మీరే ఆలోచించండి.

ఇంత జరిగినా మనవాళ్ళ నోట్లో ఒకటే మాట: లాంగర్ పటర్. అంటే గ్రీన్ మీద, హోల్ ఉండే నున్నటి గడ్డి మీద, బంతిని దొర్లించే కర్ర. ఆయన గెలుపులన్నీ ఆ పొడుగు పటర్‌ని ఛాతీకి ఆనించడం వల్లేనట. ఛాతీకి ఆనించాడా, లేదా?

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. పొడుగు పటర్ వాడొద్దని ఎవరూ అనలేదు. 2016 జనవరి 1 నుంచి దాన్ని ఒంటికి ఆనించి కొట్టకూడదన్నారు, అంతే. 2017లో టీవీలో కొందరు క్లిప్పులు ఆపి ఆపి చూపించారు. పైచెయ్యి చొక్కాకి తగిలింది చూడండి, అదిగో ముడత, అని! అయ్యా, సముద్రపు గాలికి చొక్కా తెరచాపలా ఉబ్బితే చేతికి తగలక ఏం చేస్తుంది? చొక్కా తగలడం వేరు, చెయ్యిని ఛాతీకి అదిమి పట్టడం వేరు. కావాలని ఆనిస్తేనే తప్పని రూలే చెబుతోంది. ఆయన ప్రాక్టీస్ స్ట్రోక్ అప్పుడు చెయ్యి ఆనిస్తాడు, అసలు బంతి కొట్టేటప్పుడు ముందుకు జరుపుతాడు. ప్రాక్టీస్‌కి ఆ నిషేధం లేదు. నేను ఆనించడం లేదని ఆయనా చెప్పాడు, ఎవరైనా రూల్ తప్పినట్టు ఆధారం కనబడలేదని గోల్ఫ్ పెద్దలూ చెప్పారు. ఇంకేం కావాలి? మనసులో ఏముందో చూసే ఎక్స్‌రే కావాలా?

సరే, మీ దారికే వస్తాను. ఆనించడమే ఆయన బలం అనుకుందాం. 2013లో, రాయల్ బర్క్‌డేల్‌లో, ఆనించడానికి పూర్తి పర్మిషన్ ఉంది. చివరి హోల్‌కి వచ్చేసరికి రెండు షాట్ల లీడ్ కూడా ఉంది. ఏం జరిగింది? డబుల్ బోగీ, అంటే ఆ హోల్ పార్ కంటే రెండు షాట్లు ఎక్కువ! చీకటి పడిపోయి ప్లేఆఫ్ సోమవారానికి వెళ్ళింది, ఐదో హోల్లో మార్క్ వీబీ గెలిచాడు. మరి ఆ మంత్రదండం ఆ రోజు ఎందుకు పని చెయ్యలేదండీ?

ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఇక్కడ ఇంకా వింత, ఆడనివాడు పక్కవాడి మద్దెలకి వంక పెడుతున్నాడు.

ఒకడు నాతో, 2014లో 13 షాట్ల తేడాతో గెలిచాడు, నిషేధం వచ్చాక 3 షాట్లే, ఆ పది షాట్లూ పటర్‌వే కదా, అన్నాడు. లెక్క బాగానే ఉంది. మరి 2023లో ప్లస్ 5 ఏ పటర్ ఖాతాలో వెయ్యాలి నాయనా?

నా థియరీ వినండి. పోర్త్‌కాల్‌లో ప్రతి హోల్ నుంచీ సముద్రం కనబడుతుంది. గాలిని ఆపే పెద్ద ఇసుక దిబ్బలు లేవు. బంతిని పైకి లేపావా, అది ఇంక నీది కాదు, గాలిది. కిందగా కొట్టి, గట్టి నేల మీద దొర్లించుకుంటూ గ్రీన్ దాకా తోసుకెళ్ళాలి. దీనికి కండబలం కంటే ఓపిక కావాలి, ఆ ఓపిక యాభై దాటాకే వస్తుంది. లాంగర్ కుర్రాడిగా ఉన్నప్పుడు, ఏ వయసు వాళ్ళైనా ఆడే అసలు ఓపెన్‌లో 1981లో రెండో స్థానం, 1984లో సెయింట్ ఆండ్రూస్‌లో బాలెస్టెరోస్ వెనక మళ్ళీ రెండో స్థానం. ఒక్కసారీ గెలవలేదు. అదే మనిషి సీనియర్ ఓపెన్ నాలుగుసార్లు ఎత్తాడు! 2010 కార్నూస్టీ, పోర్త్‌కాల్ రెండుసార్లు, 2019 రాయల్ లిథమ్. లిథమ్‌లో గెలిచినప్పుడు 62 నిండడానికి నెల తక్కువ.

అమెరికా గోల్ఫర్ టామ్ వాట్సన్‌ని తీసుకోండి. 2003లో టర్న్‌బెర్రీలో సీనియర్ ఓపెన్ గెలిచాడు. ఆరేళ్ళ తర్వాత అదే టర్న్‌బెర్రీలో, 59 ఏళ్ళ వయసులో, తుంటి ఎముక మార్పించుకుని ఏడాది కూడా కాకముందే కుర్రాళ్ళు ఆడే ఆ అసలు ఓపెన్‌ని ప్లేఆఫ్ దాకా లాక్కెళ్ళాడు. స్టూవర్ట్ సింక్ గెలిచాడు, నాకు ఇప్పటికీ బాధే. దీనికి కూడా పటర్ అంటారా?

కాదంటే నాకు చూపించండి. ఏ రౌండు, ఏ హోలు, ఏ పట్, సెకండ్లతో సహా. చొక్కా ముడత మాత్రం పంపకండి దయచేసి, అవి నా దగ్గర చాలా ఉన్నాయి.