టక్కున మూసుకునే షెఫీల్డ్ చాకు

శ్రోతలకు నమస్కారం. ముందుగా మీకొక చప్పుడు వినిపిస్తాను. చాకును మైకుకు దగ్గరగా పెడుతున్నాను, వినండి. టక్. ఇది తెరిచినప్పటి చప్పుడు. ఇప్పుడు మూస్తున్నాను. టక్. ఇంకోసారి. టక్.

ఇది ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో చేసిన జేబు చాకు. వయసు నూట ఇరవై ఏళ్ల పైమాటే. మూసి పెడితే నా చూపుడు వేలంత ఉంటుంది. ఇన్నేళ్లు గడిచినా కీచుమనదు, వదులుగా ఊగదు. పాత ఇంగ్లీషు చాకులు పోగుచేసేవాళ్లు ఎవరైనా కొత్త చాకు చేతికి రాగానే దాన్ని చెవి దగ్గర పెట్టుకుని తెరిచి మూస్తారు. ఆ చప్పుడు ఎలా పుట్టిందో ఈ పూట చెప్పుకుందాం. మిగతా చరిత్ర అంతా నాలుగు మాటల్లో తేల్చేస్తాను.

షెఫీల్డ్ యార్క్‌షైర్ కొండల్లో ఉంది. ఊరి చుట్టుపక్కల ఐదు నదులు. వాటి ఒరవడికి నీటిచక్రాలు తిరిగేవి, చక్రాలతో పాటు సానరాళ్లు తిరిగేవి. ఆ రాళ్లకు కావలసిన ఇసుకరాయి కూడా అక్కడి కొండల్లోనే దొరికేది. 1624లో అక్కడి కత్తుల పనివాళ్ల సంఘానికి పార్లమెంటే చట్టం చేసింది. 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు మట్టి మూసలో ఉక్కును కరిగించి, లోపల ఎక్కడా తేడా లేని శుభ్రమైన ఉక్కు తీశాడు. మూసలో ఉక్కు తీయడం మన నిజామాబాదు వైపు కోనసముద్రం కమ్మరులకు అంతకు ఎన్నో తరాల ముందే తెలుసు. పద్ధతి వేరనుకోండి, దాని గురించి మరోసారి మాట్లాడుకుందాం.

షెఫీల్డ్ చాకులు అనగానే చాలామంది 1851 లండన్ మహా ప్రదర్శన కోసం చేసిన నార్‌ఫోక్ చాకు గురించి చెబుతారు. జోసెఫ్ రాడ్జర్స్ కంపెనీ చేసింది. దానికి 75 బ్లేడ్లు. గొప్ప పనే, ఒప్పుకోవాలి. అయినా నా మనసు ఈ చిన్న చాకు మీదే ఉంటుంది. దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి చూడటానికి చేశారు. దీన్ని ఒక గుమాస్తా పెన్సిలు చెక్కుకోవడానికి, ఒక పెద్దమనిషి ఉత్తరం విప్పుకోవడానికి చేశారు. రోజూ వాడే వస్తువు మీద అంత శ్రద్ధ పెట్టారన్నదే నన్ను పట్టేసింది.

నా చేతిలో ఉన్నది కూడా రాడ్జర్స్ వాళ్లదే. రెండు బ్లేడ్లు, ఒక కొసన పెద్దది, రెండో కొసన చిన్నది. పిడికి రెండు వైపులా దుప్పి కొమ్ము. దీని వెనక కనీసం ముగ్గురి చేతులున్నాయి. కొలిమి దగ్గర బ్లేడు సాగగొట్టినవాడు ఒకడు, సాన పట్టినవాడు ఒకడు, ముక్కలన్నీ కూర్చి చాకు చేసినవాడు ఒకడు. వీళ్లలో చాలామంది ఎవరి దగ్గరా జీతానికి ఉండేవాళ్లు కారు. చిన్న గది, సాన దగ్గర కాస్త చోటు అద్దెకు తీసుకుని సొంతంగా పని చేసుకునేవాళ్లు. ఊళ్లో వాళ్లను లిటిల్ మెస్టర్లు, అంటే చిన్న మేస్త్రీలు అనేవాళ్లు.

కొలిమి పనివాడు ఉక్కు కడ్డీ కొసను ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి సుత్తితో బ్లేడుగా సాగగొడతాడు. వేడి మీదే కంపెనీ గుర్తు కొడతాడు. గోరు పెట్టి తెరవడానికి బ్లేడు మీద చిన్న గాడి ఉంటుంది చూడండి, అది కూడా వేడి మీదే ఒక్క దెబ్బతో పడుతుంది. తర్వాత ఎర్రగా కాల్చి ముంచి గట్టిపరచడం, మళ్లీ కొద్దిగా కాచి పెళుసు తగ్గించడం. ఎంత కాగిందో ఉక్కు మీద తేలే రంగు చూసి చెప్పేవాళ్లు, కొలిచే యంత్రం ఏదీ లేదు.

ఇక సాన పట్టేవాడు. చెక్క జీను లాంటి దాని మీద అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుని, తిరిగే రాయి మీదికి వంగి పని చేస్తాడు. చాకు అందం చెప్పేటప్పుడు ఈ మాట దాచకూడదు. ఆ రాతి దుమ్ము వాళ్ల ఊపిరితిత్తుల్లో పేరుకుపోయేది. నీళ్లు లేకుండా పొడి రాయి మీద ఫోర్కులు సాన పట్టినవాళ్ల పరిస్థితి మరీ ఘోరం, ఎందరో నడివయసు చూడకుండానే పోయారు. రాయి పగిలి ఎగిరొచ్చి చనిపోయినవాళ్లూ ఉన్నారు. ఈ బ్లేడు నునుపు మీద వేలు పెట్టినప్పుడల్లా నాకు వాళ్లు గుర్తొస్తారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చప్పుడు. ఆ చప్పుడు కూర్పు పనివాడిది. చాకు వీపున పొడవునా ఒక ఉక్కు బద్ద ఉంటుంది, అదే స్ప్రింగు. నా చాకులో రెండు బ్లేడ్లకూ కలిపి ఒక్కటే స్ప్రింగు. మధ్యలో ఒక మేకుతో బిగించి ఉంటుంది, రెండు కొసలూ ఏ ఆధారమూ లేకుండా రెండు బ్లేడ్ల మొదళ్లను నొక్కుతూ ఉంటాయి. బ్లేడు మొదలు గుండ్రంగా ఉండదు, పలకలుగా ఉంటుంది. బ్లేడు తిప్పగానే పలక మూల స్ప్రింగును పైకెత్తుతుంది. మూల దాటగానే స్ప్రింగు పక్క పలక మీద పడుతుంది. టక్. అదే మీరు విన్న చప్పుడు.

చెప్పడానికి ఇంతే. చేయడం దగ్గరే ఉంది కష్టమంతా. చాకు తెరిచి ఉన్నప్పుడు వీపు మీద వేలు జరిపితే స్ప్రింగు పక్కనున్న ఇత్తడి రేకులతో సమానంగా ఉండాలి. మూసినప్పుడూ సమానంగా ఉండాలి. వెంట్రుకవాసి పైకి లేచినా వేలికి తగులుతుంది, వెంట్రుకవాసి లోపలికి దిగినా తగులుతుంది. కూర్పు పనివాడు తాత్కాలికంగా మేకులు గుచ్చి కూరుస్తాడు, వేలితో తడిమి చూస్తాడు, విప్పుతాడు, ఆకురాయితో రెండు రుద్దులు రుద్దుతాడు, మళ్లీ కూరుస్తాడు. మళ్లీ తడుముతాడు, మళ్లీ విప్పుతాడు. ఒక కొస కుదిరిందనుకుంటే రెండో కొసతో పేచీ. అంతా కుదిరాక రెండు బ్లేడ్లూ ఒకే సందులో పడుకోవాలి, ఒకదానికొకటి రాసుకోకూడదు. అందుకని వాటిని సుత్తితో తట్టి కంటికి ఆననంతగా పక్కకు వంచుతాడు. నా చాకులో ఆ రెండు బ్లేడ్ల మధ్య సన్నటి కాగితం పట్టేంత ఖాళీ ఉంది, అంతకు మించి లేదు.

పిడి మీద చిన్న తెల్లలోహపు బిళ్ల ఒకటి ఉంది, డాలు ఆకారంలో. దాన్ని పైన అంటించలేదు, కొమ్ములో సరిగ్గా అదే ఆకారంలో గుంట తొలిచి కూర్చారు. ఆ గుంట తొలిచే పద్ధతి నాకు ఎంత చెప్పినా తనివి తీరదు. పనివాడు రొమ్ముకు ఒక పలక కట్టుకుంటాడు. రెండు కాళ్లున్న బరమాను ఆ పలకకు ఆనించి, విల్లుకు కట్టిన తాడుతో తిప్పుతాడు. కొమ్ము మీద డాలు ఆకారంలో కంత ఉన్న ఉక్కు అచ్చు బిగించి ఉంటుంది. బరమా కాళ్లు స్ప్రింగులా విచ్చుకుని ఆ కంత అంచుల వెంటే తిరుగుతాయి. గుండ్రంగా తిరిగే పనిముట్టు మూలలున్న గుంటను తవ్వేస్తుంది. ఈ పని ఈ కాలంలో చూడాలనుకున్నవాళ్లకు స్టాన్ షా ఉండేవాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పద్నాలుగేళ్ల పిల్లవాడిగా పనిలో చేరి, చివరి ఏళ్లలో షెఫీల్డ్‌లోని కెల్హమ్ ఐలాండ్ మ్యూజియంలో బల్ల వేసుకుని చాకులు చేశాడు. 2021లో కన్నుమూశాడు.

ఆ పిడి కొమ్ము సంగతి కూడా ఒక్క మాట. షెఫీల్డ్ వాళ్లు బాగా ఇష్టపడింది మన అడవుల సాంబర్ కొమ్మునే, మనం కణుజు అంటామే, దానిది. లోపల గట్టిగా ఉంటుంది, పైన గరుకు గీతలు చేతికి పట్టునిస్తాయి. ఇప్పుడు మన దేశం నుంచి దాని ఎగుమతి నిషేధం, నిషేధం ఉండాల్సిందే. ఏనుగు దంతం పిడి ఉన్న చాకులు కూడా చాలా ఉన్నాయి. అవి ఎంత అందంగా ఉన్నా కొనకండి, మన చట్టం ఒప్పుకోదు. బ్రిటన్‌లో కూడా 2022 జూన్ నుంచి దంతం వస్తువుల అమ్మకం మీద గట్టి నిషేధం ఉంది.

సమయం దగ్గర పడుతోంది. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పి సెలవు తీసుకుంటాను. తాతగారి పెట్టెలో ఇలాంటి సీమ చాకు దొరికితే, దయచేసి దాన్ని తోమకండి. చింతపండు వద్దు, ఎమరీ పేపరు వద్దు, వీధిలోకి వచ్చిన సాన పట్టే మనిషికి అసలే ఇవ్వకండి.

ఎందుకంటే చాకు వయసు బ్లేడు మొదట్లో రాసి ఉంటుంది. రాడ్జర్స్ వాళ్లదైతే ఒక నక్షత్రం, ఒక మాల్టా శిలువ కనిపిస్తాయి. 1682లో నమోదైన గుర్తు అది. కిరీటానికి అటూ ఇటూ వి, ఆర్ అక్షరాలుంటే విక్టోరియా రాణి కాలం, అంటే 1901కి ముందు. ఇ, ఆర్ ఉంటే ఆమె కొడుకు ఎడ్వర్డ్ కాలం. జి, ఆర్ ఉంటే జార్జి రాజుల కాలం, చాలావరకు 1910 తర్వాతది. స్టెయిన్‌లెస్ అని ఉంటే అది 1913 కంటే పాతది కాదు, ఎందుకంటే హ్యారీ బ్రియర్లీ షెఫీల్డ్‌లో తుప్పు పట్టని ఉక్కు తీసిందే ఆ ఏడాది. ఈ గుర్తులు లోతుగా ఉండవు. యంత్రం మీద ఒక్కసారి మెరుగు పెట్టిస్తే చాలు, చెరిగిపోతాయి. తళతళా మెరిసే పాత చాకును నేను కొనను, అది ఎవరు ఎప్పుడు చేశారో చెప్పడానికి ఏమీ మిగలదు కాబట్టి.

బ్లేడు మీద బూడిదరంగు మచ్చలుంటే ఉండనివ్వండి. ఎర్ర తుప్పు ఉంటే కుట్టుమిషను నూనె రాసి, ఒక రోజు ఉంచి, మెత్తటి గుడ్డతో తుడవండి. మడత దగ్గర ఒక చుక్క వేసి నాలుగుసార్లు తెరిచి మూయండి. తోలు సంచిలో మాత్రం దాచకండి, తోలు తగిలిన చోట ఉక్కు తుప్పు పడుతుంది. పిడి సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌ది అయితే మిగతా చాకులకు దూరంగా విడిగా పెట్టండి, అది పాడయ్యేటప్పుడు వచ్చే ఆవిరి పక్కనున్న బ్లేడ్లన్నిటినీ తినేస్తుంది. ఊరికి విమానంలో తీసుకెళ్లేటట్టయితే చేతి సంచిలో వద్దు, చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి. నమస్కారం.